పాత ఆటోమేటిక్ కారులో గేర్లు కుదుపుతో మారుతుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2017 మోడల్ హ్యుందాయ్ క్రెటా 1.6 పెట్రోల్ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 88,000 కి.మీ. తిరిగింది, వాడకం ఎక్కువగా హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే. పొద్దున్నే రివర్స్ వేస్తే బండి కదలడానికి ఒకటి రెండు సెకన్లు పడుతోంది. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కుదుపు వస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉంటోంది. హెచ్చరిక లైట్లేవీ వెలగలేదు. ఒక షెడ్డులో వాల్వ్ బాడీ (గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను క్లచ్‌లకు మళ్ళించే భాగం) మార్చాలన్నారు, ఇంకోచోట మెషిన్ పెట్టి ఫ్లష్ కొడితే, అంటే లోపలి ఆయిల్‌ను కడిగేస్తే చాలన్నారు. ఏది చేయించాలి?

ఇప్పటికి రెండూ వద్దు. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ మట్టాన్ని సరైన వేడి దగ్గర చూపించండి. తర్వాత కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌నే మూడు విడతలుగా దించి పోయించండి. అదయ్యాక గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇన్నాళ్ళూ నేర్చుకున్న పాత లెర్నింగ్‌ను స్కానర్‌తో చెరిపించి, మళ్ళీ నేర్పించండి. ఈలోగా ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ కూడా చూపించండి. లైటు వెలగకుండా, ఆయిల్‌లో మాడు వాసన లేకుండా వచ్చే బళ్ళు చాలావరకు ఈ పనితోనే దారికొస్తాయి. రాకపోయినా నష్టం లేదు. వాల్వ్ బాడీ విప్పాల్సి వస్తే ఎలాగూ కొత్త ఆయిలే పోయాలి.

ఈ వరస ఎందుకో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. మీది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) ఉన్న గేర్‌బాక్సు. ఇలాంటి బాక్సులో పళ్ళ చక్రాలు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. గేరు మారడమంటే ఒక క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల కట్ట) వదలడం, అదే క్షణంలో ఇంకొకటి పట్టుకోవడం. నిండు బిందెను ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోవడం లాంటి పని ఇది. మొదటివాళ్ళు ముందే వదిలేస్తే ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. ఇద్దరూ పట్టుకుని లాగితే బండి కుదుపుతుంది. ఈ అందుకోలును నడిపేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఒత్తిడిని సోలినాయిడ్ల (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వుల) ద్వారా ఎక్కించేది, తగ్గించేది టీసీఎం అనే కంప్యూటర్.

క్లచ్ ప్లేట్ల పూత ఏళ్ళ మీద అరుగుతుంది. అరిగేకొద్దీ పిస్టన్ ఎక్కువ దూరం జరగాలి, దాని వెనక ఎక్కువ ఆయిల్ నిండాలి. టీసీఎం ఇది గమనించి, నింపే సమయాన్నీ ఒత్తిడినీ కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతుంది. దీన్నే అడాప్టేషన్ అంటారు. మరోవైపు ఆయిల్ పలచబడుతుంది, క్లచ్ మెత్తగా పట్టడానికి అందులో కలిపిన రసాయనాలు ఖర్చయిపోతాయి. అంటే టీసీఎం పాత ఆయిల్ గుణానికి తగ్గట్టు లెక్కలు వేసుకుంటూ వచ్చిందన్నమాట. కాబట్టి ఆయిల్ మార్చకుండా అడాప్టేషన్ చెరపడం వృథా. ఆయిల్ మార్చి అడాప్టేషన్ వదిలేస్తే సగం పనే.

మీ మూడు లక్షణాలకూ కారణం ఒకటే కానక్కర్లేదు. పొద్దున రివర్స్ ఆలస్యంగా పడుతోందంటే నా మొదటి అనుమానం ఆయిల్ మట్టం తక్కువ ఉందని. చల్లటి ఆయిల్ కుంచించుకుపోతుంది కాబట్టి లోటు పొద్దునే బయటపడుతుంది. తర్వాతి అనుమానం గట్టిపడిన సీళ్ళ మీద. రెండు నుంచి మూడుకు కుదుపు ఆయిల్ వల్ల, అడాప్టేషన్ వల్ల, లేదా ఆ క్లచ్‌కు చెందిన సోలినాయిడ్ వల్ల రావచ్చు. ఆగబోయేటప్పటి తోపు మాత్రం చాలాసార్లు గేర్‌బాక్స్‌ది కాదు, ఇంజిన్‌ది. దాని సంగతి కింద రాశాను.

ఆయిల్ మట్టం చూసే పద్ధతి

ఈ బాక్సుకు డిప్‌స్టిక్ ఉండదు. కింద ఒక లెవెల్ ప్లగ్ ఉంటుంది, పైన ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాపున ఆయిల్ పోసే బోల్టు ఉంటుంది. చూడాల్సింది ఆయిల్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా, బండి నాలుగు మూలలా సమంగా లేచి ఉన్నప్పుడు. వేడిని చేత్తో ముట్టుకుని అంచనా వేయకూడదు, స్కానర్‌లో రీడింగ్ చూడాలి. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని పీ నుంచి డీ దాకా, మళ్ళీ డీ నుంచి పీ దాకా లివర్‌ను నెమ్మదిగా జరపాలి. ఒక్కో స్థానంలో రెండు సెకన్ల పైన ఆపుతూ రెండుసార్లు చేయాలి. తర్వాత పీలో పెట్టి లెవెల్ ప్లగ్ విప్పాలి. సన్నటి ధార నిలకడగా వస్తే మట్టం సరిపోయింది. ఏమీ రాకపోతే తక్కువ. భళ్ళున కారితే ఎక్కువ, ధార సన్నబడేదాకా ఆగి ప్లగ్ బిగించాలి. బండి లిఫ్ట్ మీద ఉండగా డీలో వేస్తే చక్రాలు తిరుగుతాయి. అందుకే బ్రేకు మీద కాలు ఉంచే మనిషి ఒకరు లోపల కూర్చుని ఉండాలి, ఆ మనిషి పని మధ్యలో దిగకూడదు.

మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నొక్కుకుపోతుంది కాబట్టి క్లచ్ ఆలస్యంగా పడుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, చివరికి అదే సమస్య. మట్టం నిజంగానే తక్కువగా తేలితే లీకు ఎక్కడో వెతకాలి. యాక్సిల్ సీళ్ళు, కూలర్ పైపుల జాయింట్లు, పాన్ అంచు ముందు చూడాల్సిన చోట్లు. మూసి ఉన్న బాక్సులోంచి ఆయిల్ ఆవిరైపోదు.

ఏ ఆయిల్, ఎంత, ఎలా

మీ బండికి ఎస్పీ-4 గ్రేడు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కావాలి. డబ్బా మీద "అన్ని బళ్ళకూ సరిపోతుంది" అని రాసి ఉన్నవాటికి దూరంగా ఉండండి. ఆ గ్రేడుకు ఆమోదం స్పష్టంగా రాసి ఉంటే వేరే కంపెనీదైనా పర్వాలేదు. ఇది చదివే మిగతావారు తమ బండి మాన్యువల్ చూసుకోవాలి. టొయోటా బళ్ళు చాలావాటికి డబ్ల్యూఎస్, జెడ్‌ఎఫ్ బాక్సులకు లైఫ్‌గార్డ్ వర్గం ఆయిళ్ళు, సీవీటీలకు (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌లకు) సీవీటీ ఆయిలే. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే ఘర్షణ గుణం మారిపోతుంది. అప్పుడు కొత్త ఆయిల్ పోశాక కుదుపు పెరిగిందని గేర్‌బాక్స్ మీద నింద పడుతుంది.

"ఈ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదు" అన్న మాటను నేను ఒప్పుకోను. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే తన బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు ఆయిల్ మార్చమని చెబుతుంది. మే నెల ఎండలో గంటల తరబడి పాకే బండికి నేను 60,000 దగ్గరే మార్చమంటాను.

మీ బాక్సు మొత్తం ఏడు లీటర్లకు కాస్త పైన పడుతుంది. డ్రెయిన్ ప్లగ్ విప్పితే దాదాపు సగమే దిగుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, వాల్వ్ బాడీ సందుల్లో, కూలర్‌లో ఉండిపోతుంది. అందుకే ఒక్కసారి మార్చి "తేడా ఏమీ తెలియలేదు" అంటారు చాలామంది. ప్రతిసారీ సగం దిగుతుందనుకుంటే మొదటి విడత తర్వాత పాత ఆయిల్ 50 శాతం, రెండో విడతకు 25, మూడో విడతకు పన్నెండున్నర శాతం మిగులుతుంది. మూడు విడతలకూ కలిపి పదకొండు పన్నెండు లీటర్లు చేతిలో ఉంచుకోండి. విడతకూ విడతకూ మధ్య 300 నుంచి 500 కి.మీ. మామూలుగా నడపండి, గేర్లన్నీ పడేలా ఒకసారి రింగ్ రోడ్డు కూడా తిప్పండి.

పని చేయించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి:

పోసే బోల్టు ముందు, డ్రెయిన్ ప్లగ్ తర్వాత. పైది తుప్పు పట్టి రాకపోతే కింద ఖాళీ చేసిన బండి లిఫ్ట్ మీదే ఉండిపోతుంది.

దిగిన ఆయిల్ కొలవాలి. గీతలున్న డబ్బాలోకి దించి, అంతే కొలత పోసి, పైన అర లీటరు అదనంగా పోయాలి. తర్వాత వేడి చూసుకుంటూ లెవెల్ ప్లగ్ నుంచి ఎక్కువైనది వదిలేయాలి.

వాషర్లు కొత్తవి. ప్లగ్ బిగింపు సుమారు 40 న్యూటన్ మీటర్లు. పొడవాటి రాడ్ తగిలించి బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

దిగిన ఆయిల్‌ను తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి చూడండి. ముదురు ఎరుపు, గోధుమ రంగు అయితే వయసు మాత్రమే. నల్లగా ఉండి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసి ఉండొచ్చు, లేదా బండి వరదలో మునిగినప్పుడు బ్రీదర్ గొట్టం గుండా నీళ్ళు పోయి ఉండొచ్చు. నగరంలో 2020 అక్టోబర్ వానల్లో ఎన్నో కార్లు మునిగాయి, అలాంటివి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు కూడా చేరతాయి కాబట్టి మీరు ఈ సంగతి తప్పక చూడాలి. నీళ్ళు తాగిన క్లచ్ పూత ప్లేటు నుంచి ఊడిపోతుంది. అక్కడ ఆయిల్ మార్పు పనికిరాదు. మట్టిలా బూడిద రంగు మెత్తటి పేస్టు ఉండటం మామూలే, చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలు మామూలు కాదు.

మీ బాక్సు ఫిల్టర్ లోపల ఉంటుంది, బాక్సు విప్పకుండా రాదు. ఎవరైనా "ఫిల్టర్ కూడా మార్చాం" అని ఆయిల్ మార్పు బిల్లులో రాస్తే ఎలా మార్చారో అడగండి. పాన్ విప్పితే ఫిల్టర్ చేతికొచ్చే బాక్సుల్లో మాత్రం మార్చడమే మంచిది.

మెషిన్ ఫ్లష్ గురించి. మెషిన్లు రెండు రకాలు. ఒకటి కూలర్ పైపు దగ్గర కలిపి, బాక్సు సొంత పంపుతోనే పాత ఆయిల్ బయటికి, కొత్తది లోపలికి పంపేది. అది సరిగ్గా చేస్తే మంచిదే. ఇంకోటి బయటి నుంచి ఒత్తిడి పెట్టి, క్లీనింగ్ రసాయనం కలిపి కడిగేది. 88,000 దాకా ఎప్పుడూ ఆయిల్ మారని బాక్సుకు ఇది వద్దు. అడుగున కూర్చున్న మడ్డి లేచి వాల్వ్ బాడీ సన్నని దారుల్లో ఇరుక్కుంటుంది. "పాత ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అన్న భయం చాలామందికి ఇలాంటి ఫ్లష్‌ల వల్లే పుట్టింది. ఇంకో కారణం, అప్పటికే జారుతున్న, అంటే క్లచ్‌ల పట్టు తప్పుతున్న బాక్సులకు ఆఖరి ప్రయత్నంగా ఆయిల్ మార్చడం. జారని బాక్సుకు గురుత్వంతో దించి పోస్తే ఆ భయం అక్కర్లేదు. సీసాల్లో అమ్మే "షిఫ్ట్ ఇంప్రూవర్"లు కూడా వద్దు. సరైన ఆయిల్‌లో ఉండాల్సినవన్నీ లెక్క ప్రకారం కలిపే ఉంటాయి, పైన మనం కలిపితే ఆ లెక్క తప్పుతుంది.

గేర్‌బాక్స్‌ది కాని కుదుపు

దీనికి పెద్ద ఖర్చు లేదు, అయినా చాలా షెడ్లలో దీన్ని దాటేసి నేరుగా బాక్సు మీద పడతారు. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి, ఎవరినైనా లివర్ ఆర్ నుంచి డీకి మార్చమనండి. మీరు ముందు నిలబడకుండా పక్క నుంచి చూడండి. ఇంజిన్ కొద్దిగా ఒరగడం మామూలే. ఎగిరిపడి "డబ్" మని చప్పుడైతే మౌంట్ రబ్బరు చిరిగింది. చిరిగిన మౌంట్‌తో ఎంత మంచి గేర్‌బాక్స్ అయినా కుదుపుతున్నట్టే అనిపిస్తుంది.

థ్రాటిల్ బాడీలో కార్బన్ పేరుకుంటే ఐడిల్ ఆర్‌పీఎం ఊగుతుంది. బండి ఆగబోతుండగా ఆర్‌పీఎం ఒక్కసారి పైకి తేలితే వెనక నుంచి తోసినట్టు ఉంటుంది. శుభ్రం చేశాక థ్రాటిల్ లెర్నింగ్ కూడా చేయించాలి. ఏసీ కంప్రెసర్ ఆన్ అయ్యే క్షణంలోనే తోపు వస్తోందేమో ఏసీ ఆపి కూడా చూడండి. బ్యాటరీ బలహీనమైనా, ఇంజిన్ ఎర్త్ తీగ తుప్పు పట్టినా సోలినాయిడ్లకు కరెంటు సరిగా అందదు.

స్థిరంగా 50 నుంచి 70 కి.మీ. వేగంలో, తేలికపాటి యాక్సిలరేటర్ మీద, గరుకు రోడ్డెక్కినట్టు వణుకు వస్తే అది టార్క్ కన్వర్టర్ లాకప్‌ది (కన్వర్టర్‌ను ఇంజిన్‌తో నేరుగా బిగించే క్లచ్‌ది) కావచ్చు, స్పార్క్ ప్లగ్గులు, కాయిల్ వల్ల వచ్చే ఇంజిన్ మిస్‌ఫైర్ కావచ్చు. తేడా పట్టడానికి ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ కదపకుండా బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకండి. లాకప్ విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే లాకప్ వైపు చూడాలి, కొనసాగితే ముందు స్పార్క్ ప్లగ్గులు చూడాలి.

అడాప్టేషన్

మూడో విడత ఆయిల్ పోశాకే చేయించండి. బ్యాటరీ తీగ తీసి పెడితే చెరిగిపోతుందనుకుంటారు, చాలా బళ్ళలో చెరగదు. టీసీఎం లోపలికి వెళ్ళగలిగే స్కానర్ కావాలి. చెరిపాక బండి మొదట్లో ఇంకా మొరటుగా నడుస్తుంది, కంగారు పడకండి. ఆయిల్ 40 నుంచి 95 డిగ్రీల మధ్యకు వచ్చాక ఇలా నేర్పాలి: ఆగి ఉండి, బ్రేకు తొక్కి ఎన్ నుంచి డీకి, ఎన్ నుంచి ఆర్‌కు మారుస్తూ కొన్ని సెకన్లు ఆగాలి. నాలుగుసార్లకు తగ్గకుండా చేయాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్‌ను 15 నుంచి 30 శాతం మధ్య ఒకేచోట నిలిపి ఒకటో గేరు నుంచి ఆరో గేరు దాకా పోనివ్వాలి. అక్కడ నుంచి మెత్తగా బ్రేకు వేస్తూ పూర్తిగా ఆపాలి. ఇదీ నాలుగుసార్లు పైనే. పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు ఇందుకు బాగుంటుంది. సిటీ ట్రాఫిక్‌లో నేర్పితే తప్పు పాఠాలే నేర్చుకుంటుంది.

ఒక హెచ్చరిక ఉంది. క్లచ్‌లు బాగా అరిగి, అడాప్టేషన్ చివరి హద్దు దగ్గర నెట్టుకొస్తున్న బాక్సులో దాన్ని చెరిపితే జారడం బయటపడుతుంది. అందుకే చెరిపే ముందు పాత విలువలను ఫోటో తీయించండి. ఒక క్లచ్ విలువ మిగతా వాటికి బాగా దూరంగా ఉంటే సమస్య ఆ క్లచ్‌లోనో, దాని సోలినాయిడ్‌లోనో ఉందని తెలుస్తుంది.

ఇంతా చేసినా తగ్గకపోతే

లైటు లేకపోయినా టీసీఎంలో కోడ్లు దాగి ఉండొచ్చు. పీ0700 వస్తే "టీసీఎంలో ఇంకో కోడ్ ఉంది, చూడు" అనే అర్థం, దాన్ని చూపించి బాక్సు విప్పమంటే ఒప్పుకోకండి. పీ0717, పీ0722 స్పీడ్ సెన్సర్ల సిగ్నల్ రావడం లేదని. పీ0711 ఆయిల్ వేడి సెన్సర్. ఇది తప్పు చెప్పినా గేర్లు మొరటుగా మారతాయి, ఖర్చు తక్కువ. పీ0741 లాకప్. పీ0730 గేరు నిష్పత్తి కుదరడం లేదని, అంటే ఏదో జారుతోంది.

రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆర్‌పీఎం 300, 400 ఎగిరి తర్వాత పడుతోందా, లేక ఎగరకుండా నేరుగా కుదుపు వస్తోందా అన్నది గమనించండి. ఎగరడం జారడానికి గుర్తు. ఎగరకుండా కుదిపితే ఒత్తిడి ఎక్కువగా గానీ ముందుగా గానీ వస్తోంది. అప్పుడు సోలినాయిడ్, వాల్వ్ బాడీ మాటకు అర్థం ఉంది. అక్కడ కూడా ముందు ఆ ఒక్క సోలినాయిడ్ రెసిస్టెన్స్ కొలవమనండి, మొత్తం వాల్వ్ బాడీ తర్వాత. వాల్వ్ బాడీ మార్చితే మళ్ళీ అడాప్టేషన్ చేయాల్సిందే. వేడెక్కాక జారుడు పెరిగినా, డీలో వేస్తే కదలకుండా మోత మాత్రమే వచ్చినా, ఆయిల్ నల్లగా మాడు వాసనతో ఉన్నా బాక్సు విప్పి క్లచ్‌లు మార్చాలి. వాటికి ఆయిల్ పోసి డబ్బు పాడుచేయకండి.

నడిపే తీరు

పొద్దున స్టార్ట్ చేశాక ఐడిల్ ఆర్‌పీఎం దిగేదాకా ఆగి ఆర్ వేయండి. బండి పూర్తిగా ఆగకుండా ఆర్ నుంచి డీకి మార్చకండి, ఇరుకు పార్కింగ్‌లో అందరూ చేసే తప్పు ఇది. వాలులో ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత బ్రేకు వదిలి బరువు దాని మీదకు రానిచ్చి, అప్పుడు పీ. ఫ్లైఓవర్ ఎక్కే వాలులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, ఆ వేడంతా కన్వర్టర్ ఆయిల్‌దే. ఆయిల్ 80, 95 డిగ్రీల మధ్య ఉండటం మామూలు. ట్రాఫిక్‌లో 110 దాటుతోందంటే రేడియేటర్ మూసుకుపోయిందేమో, ఫ్యాను రెండో స్పీడు అందుకుంటోందో లేదో చూపించండి. ఆగిపోయిన బండిని ముందు చక్రాలు నేల మీద దొర్లేలా లాగించకండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, లోపల ఆయిల్ తిరగదు.

వేరే రకం ఆటోమేటిక్ ఉన్నవాళ్ళు ఇదంతా తమకు వర్తింపజేసుకోకండి. ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కి గేరు మార్చే పని మాత్రం యంత్రానిది. అక్కడ గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ కొంచెం వదలడం, క్లచ్ పాయింట్ మళ్ళీ నేర్పించడం పనిచేస్తాయి. ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీలో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌లో) ఆయిల్ మార్చినంత మాత్రాన క్లచ్ వణుకు పోదు, ఎందుకంటే ఆ క్లచ్ ఆయిల్‌లో ఉండదు. ఆరు గేర్ల వెట్ క్లచ్ రకానికి మాత్రం 60,000 కి.మీ.కు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. అమెరికాలో ఉండి పాత షెవర్లే ట్రక్కుల 4ఎల్60-ఈ లాంటి బాక్సులు వాడేవాళ్ళు "షిఫ్ట్ కిట్" గురించి అడుగుతుంటారు. స్ప్రింగులు, ప్లేటు రంధ్రాలు మార్చి ఒత్తిడి పెంచే ఆ పద్ధతి అలాంటి పాత బాక్సులకు సరిపోతుంది. క్లచ్ ప్రతి పట్టునూ టీసీఎం లెక్కగట్టే మీ బాక్సులో దానికి చోటు లేదు.

మొదటి విడతకు వెళ్ళినప్పుడు మూడు సంగతులు రాసుకు రండి: లెవెల్ ప్లగ్ విప్పితే ధార వచ్చిందా లేదా, ఎన్ని లీటర్లు దిగింది, ఆయిల్ రంగు, వాసన ఎలా ఉన్నాయి. వాటితో పాటు అడాప్టేషన్ విలువల ఫోటో ఇక్కడ పెడితే మిగతా రెండు విడతలకు ముందే సోలినాయిడ్ మీద అనుమానం పడాలో వద్దో చెప్పగలను.